స్వతంత్ర క్రైస్తవ గాయకులు, రచయితల కబుర్లు: ఏ దారిలో అందుకుంటే మంచిది?

పెద్ద మ్యూజిక్ కంపెనీ అండ ఉన్న గాయకుడి కొత్త పాట వస్తోందంటే ఆ సంగతి మన చెవిన పడకుండా ఉండటమే కష్టం. ప్రచారానికి మనుషులుంటారు, రేడియోకి పంపేవాళ్లుంటారు, ప్రకటనలకు డబ్బుంటుంది. సొంతంగా పాటలు రాసుకుని, సొంత ఖర్చుతో రికార్డు చేసి విడుదల చేసే క్రైస్తవ కళాకారుల సంగతి అలా కాదు. రాత్రి పాట మిక్సింగ్ ముగించిన మనిషే తెల్లారి పోస్టర్ చేయాలి, పోస్టు పెట్టాలి, మెసేజ్‌లకు జవాబివ్వాలి. సొంతంగా పుస్తకం వేసుకునే రచయితలదీ ఇదే పరిస్థితి. అంత కష్టపడి పంపిన కబురు ఎదురుచూస్తున్న అభిమానికే చేరకపోతే ఇద్దరికీ నష్టం.

ఫాలో బటన్ ఎక్కడ కనిపిస్తే అక్కడ నొక్కేసి, ఇక అన్నీ తెలుస్తాయిలే అనుకుంటాం. తెలియవు. ఆల్బమ్ వచ్చిన చాలా రోజులకు ఎవరో చెబితే వింటాం, కచేరీ అయిపోయాక ఫొటోలు చూస్తాం. అందుకే దారుల్ని పోల్చి చూసుకుని ఎంచుకోవాలి. పోల్చేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఈ కబురు నాకు చేరాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తున్నారు? పంపినవాళ్లూ నేనూనా, లేక మధ్యలో ఉన్న కంపెనీనా? కళాకారుడికి ఎంత డబ్బు చేరుతుంది, పాత కబుర్లు మళ్లీ దొరుకుతాయా, నా ఫోన్ నంబర్ ఎవరికి కనిపిస్తుంది అన్న ప్రశ్నలు ఆ తర్వాతే.

ఈమెయిల్ ఉత్తరం

నా ఓటు దీనికే. కారణం చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

అమెరికన్ గాయకుడు కీత్ గ్రీన్ తన పరిచర్య తరఫున 1978లో ఒక వార్తాలేఖ మొదలుపెట్టారు. పోస్టులో ఇళ్లకు వెళ్లే ఉత్తరం అది. రికార్డు కంపెనీ నుంచి బయటికొచ్చాక 1980లో కొత్త ఆల్బమ్‌ని సొంతంగా విడుదల చేస్తూ, ఎవరు ఎంత ఇవ్వగలిగితే అంతే ఇవ్వండి అన్నారు. దుకాణాల దారి వదులుకుని కూడా అంత ధైర్యం చేయగలిగారంటే, వినేవాళ్లకు నేరుగా ఉత్తరం రాసే వీలుండటం పెద్ద కారణమని నా నమ్మకం.

2006లో మరో గాయకుడు డెరెక్ వెబ్ అదే పనిని ఇంటర్నెట్ పద్ధతిలో చేశారు. తన ఆల్బమ్ ఒకటి ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిచ్చి, బదులుగా ఈమెయిల్ చిరునామా, పోస్టల్ కోడ్ అడిగారు. చిరునామా ఉంటే తర్వాతి పాట గురించి చెప్పొచ్చు. పోస్టల్ కోడ్ ఉంటే ఏ ప్రాంతంలో ఎంతమంది వింటున్నారో తెలిసి కచేరీ ఎక్కడ పెట్టాలో తేల్చుకోవచ్చు. ఆ ఆలోచన నుంచే 2008లో నాయిస్‌ట్రేడ్ అనే వేదిక పుట్టింది. స్వతంత్ర గాయకులకు డబ్బు కన్నా ముందు కావలసింది శ్రోత చిరునామా అని అది చాలామందికి నేర్పింది.

వేదికలు శాశ్వతం కావు. ఒకప్పుడు స్వతంత్ర గాయకులంతా మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటులో ఉండేవాళ్లు. సర్వర్లు మార్చే పనిలో 2016కి ముందు జనం ఎక్కించిన పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయని 2019లో బయటపడింది. అదే ఏడాది గూగుల్ ప్లస్ మూతపడింది. అక్కడ ఫాలో అయినవాళ్లతో సంబంధం ఆ రోజుతో తెగిపోయింది. ఈమెయిల్ జాబితా అలా పోదు. గాయకుడు ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారినా ఆ చిరునామాలు తనతో తీసుకెళ్తాడు.

ఇబ్బందులూ ఉన్నాయి. జీమెయిల్ 2013 నుంచి ప్రకటనల మెయిళ్లను ప్రమోషన్స్ అనే ట్యాబ్‌లో వేస్తోంది. ఒకేసారి వేలమందికి వెళ్లే ఉత్తరం గనుక మీ ఇష్టమైన రచయిత రాసింది కూడా చెప్పుల దుకాణం ఆఫర్ల మధ్య పడిపోవచ్చు. దీనికి మందు సులువు. ఉత్తరాన్ని పట్టుకుని ప్రైమరీ ట్యాబ్‌లోకి లాగండి, పంపిన చిరునామాని కాంటాక్ట్స్‌లో చేర్చండి, వీలైతే మొదటి ఉత్తరానికి రెండు ముక్కలు జవాబు రాయండి. జవాబు వెళ్లిన చిరునామాని మెయిల్ సర్వీసు తెలిసిన మనిషి కిందే చూస్తుంది. పైగా ఆ రెండు ముక్కలు చదివే మనిషి గదిలో ఒక్కరే కూర్చుని, ఇదంతా ఎవరైనా చదువుతున్నారా అని మథనపడుతూ ఉండొచ్చు.

ఒకసారి చేరితే బయటపడటం కష్టమని భయపడేవాళ్లకు ఒక మాట. 2024 నుంచి జీమెయిల్, యాహూ పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో ఆపేసే సదుపాయం ఇచ్చి తీరాలని షరతు పెట్టాయి. నచ్చకపోతే వెంటనే తప్పుకోవచ్చు.

అసలు ఈమెయిల్ తెరిచే అలవాటే లేదంటారా? అలాంటప్పుడు ఈ దారి మీకు పనికిరాదు. తెరవని ఉత్తరం కన్నా తెరిచే వాట్సాప్ నయం.

వాట్సాప్, టెలిగ్రామ్

ఇక్కడ గ్రూపుకీ ఛానెల్‌కీ ఉన్న తేడా తెలుసుకోవాలి. చాలామంది కళాకారులు తెలియక అభిమానులందర్నీ ఒక గ్రూపులో చేర్చేస్తారు. గ్రూపులో మీ నంబర్ అక్కడున్న అందరికీ కనిపిస్తుంది. ముక్కూమొహం తెలియని వాళ్ల నుంచి మెసేజ్‌లు మొదలవుతాయి. ముఖ్యంగా ఆడవాళ్లకు ఇది పెద్ద టెన్షన్. పైగా రోజంతా శుభోదయాలు, ఫార్వార్డ్ చేసిన వాక్యాలు, ఎవరివో ప్రకటనలు. వాటి మధ్య గాయకుడి అసలు కబురు ఎక్కడో మునిగిపోతుంది.

2023లో వచ్చిన వాట్సాప్ ఛానెల్స్‌లో ఈ బెడద లేదు. నడిపేవాళ్ల నంబర్ మీకు కనిపించదు, మీ నంబర్ తోటి సభ్యులకు కనిపించదు. కబురు ఒకవైపు నుంచే వస్తుంది. కాకపోతే పోస్టులు 30 రోజుల వరకే ఉంటాయి. పోయిన క్రిస్మస్‌కి పెట్టిన పాట లింకు ఇప్పుడు వెతికితే దొరకదు. టెలిగ్రామ్ ఛానెల్‌లో పాత పోస్టులన్నీ ఉంటాయి, ఆడియో ఫైళ్లు అలాగే పెట్టుకోవచ్చు. పాటల సాహిత్యం, గిటార్ కార్డ్స్, ట్రాకులు పంచే గాయకుల విషయంలో నేనైతే టెలిగ్రామ్‌నే ఎంచుకుంటాను. కచేరీ తేదీలు, కొత్త వీడియో లింకు లాంటి అప్పటికప్పుడు చూసి వదిలేసే సంగతులకు వాట్సాప్ చాలు.

మీ అభిమాన కళాకారుడు ఇంకా గ్రూపుతోనే నెట్టుకొస్తుంటే, ఛానెల్‌కి మారమని మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. అది ఆయనకే మేలు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్

ఈ మూడూ కొత్తవాళ్లను కనుక్కోవడానికి బాగుంటాయి. తెలిసినవాళ్ల కబుర్లు క్రమం తప్పకుండా అందుకోవడానికి వీటిని నమ్ముకోకూడదు. ఇది గట్టిగానే చెబుతున్నాను.

ఫేస్‌బుక్ 2018 జనవరిలో తన ఫీడ్‌లో స్నేహితులు, కుటుంబసభ్యుల పోస్టులకు పెద్దపీట వేస్తూ మార్పు ప్రకటించింది. పేజీల పోస్టులు జనానికి చేరడం తగ్గింది. పేజీని లైక్ చేసిన అభిమానులకే తన పోస్టు చూపించడానికి గాయకుడు ఎదురు డబ్బు కట్టాల్సిన పరిస్థితి. ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఏది ముందు చూపించాలో ఆ యాప్‌దే నిర్ణయం. అయితే 2022లో వచ్చిన ఫేవరెట్స్ అనే ఏర్పాటు పనికొస్తుంది. అందులో 50 ఖాతాల దాకా చేర్చుకోవచ్చు. వాళ్ల పోస్టుల్ని మాత్రమే, కొత్తవి ముందుగా, వరుసలో చూడొచ్చు. ఇన్‌స్టాగ్రామ్ వదలలేనివాళ్లు కనీసం ఈ పని చేసుకోవాలి.

యూట్యూబ్‌లో సబ్‌స్క్రైబ్ నొక్కితే అన్ని వీడియోలకూ నోటిఫికేషన్ వస్తుందని చాలామంది అనుకుంటారు. గంట గుర్తు మామూలుగా పర్సనలైజ్డ్ అన్న అమరికలో ఉంటుంది, అంటే కొన్ని వీడియోలకే కబురు వస్తుంది. గంట నొక్కి ఆల్ ఎంచుకుంటే తప్ప అన్నీ రావు. అన్ని ఛానెళ్లకూ ఆల్ పెడితే మళ్లీ గోలే. నిజంగా మిస్ కాకూడదనుకున్న ముగ్గురు నలుగురికి పెట్టుకుంటే సరిపోతుంది.

స్ట్రీమింగ్ యాప్‌లు

కొత్త పాట విడుదలైందని తెలుసుకోవడానికి ఇవి చక్కటి దారి, కబుర్లకు కాదు. స్పాటిఫైలో గాయకుణ్ని ఫాలో అయితే ప్రతి శుక్రవారం వచ్చే రిలీజ్ రాడార్ జాబితాలో ఆయన కొత్త పాట కనిపించే అవకాశం ఉంటుంది. గాయకుడు విడుదలకు కనీసం 7 రోజుల ముందు ఆ పాట వివరాలు స్పాటిఫైకి సమర్పిస్తే, ఫాలో అవుతున్నవాళ్ల జాబితాలోకి ఆ పాట వెళ్తుంది. పాటను లైక్ చేయడం వేరు, గాయకుణ్ని ఫాలో అవ్వడం వేరు. పాటను లైక్ చేసి ఊరుకుంటే ఆ పాట మీ దగ్గర ఉంటుంది, గాయకుడి తర్వాతి పాట సంగతి మాత్రం తెలియకపోవచ్చు.

ఇక్కడ స్వతంత్ర క్రైస్తవ గాయకులకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. బృందాల పేర్లు ఎక్కువగా బైబిల్ నుంచే తీసుకుంటారు. ఒకే పేరుతో వేర్వేరు దేశాల్లో మూడు నాలుగు బృందాలు ఉంటాయి. వాళ్ల పాటలు ఒకరివి ఇంకొకరి పేజీలో పడిపోతుంటాయి. ఈమధ్య కృత్రిమ మేధతో తయారుచేసిన పాటల్ని అసలు గాయకుల పేజీల్లోకి ఎక్కిస్తున్న ఉదంతాలూ బయటపడ్డాయి. గొంతు తేడాగా అనిపిస్తే తొందరపడి షేర్ చేయకండి. గాయకుడి సొంత సైటులో ఆ పాట పేరు ఉందో లేదో చూడండి.

డబ్బు విషయానికొస్తే, 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాటకు అంతకుముందు 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు లేకపోతే ఆ రికార్డింగ్‌కి రాయల్టీ రాదు. చిన్న గాయకుల పాటలు చాలావరకు ఈ గీత దగ్గరే ఆగిపోతాయి. మీరు విని, నలుగురికి వినిపించి, ప్లేలిస్టులో చేర్చుకుంటే ఆ గీత దాటడానికి నిజంగా సాయపడినట్టే. అలాగని రాత్రంతా సౌండ్ తగ్గించి ఒకే పాట తిప్పుతూ వదిలేయకండి. అలాంటి దొంగ స్ట్రీమ్‌లను గుర్తిస్తే లెక్కలోంచి తీసేస్తారు, శృతి మించితే పాటకే ముప్పు. ప్రేమతో చేసిన పని ఆ గాయకుడికే తలనొప్పి కాకూడదు.

కచేరీలకు వెళ్లే అలవాటుంటే బ్యాండ్స్‌ఇన్‌టౌన్, సాంగ్‌కిక్ లాంటి యాప్‌లలో గాయకుణ్ని చేర్చుకోండి. మీ దగ్గర్లో కార్యక్రమం పడితే అవే చెబుతాయి. చర్చిల్లో, ఇళ్లలో జరిగే చిన్న కార్యక్రమాలు మాత్రం వాటిలో తరచు ఉండవు. వాటి సంగతి మళ్లీ ఉత్తరంలోనే తెలుస్తుంది.

కొని వినేవాళ్లకు: బ్యాండ్‌క్యాంప్

2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ కబుర్ల దారి, కొనుగోలు దారి రెండూ ఒకచోట కలిసిన వేదిక. గాయకుణ్ని ఫాలో అయితే కొత్త ఆల్బమ్ రాగానే ఈమెయిల్ వస్తుంది. కొన్న పాటను ఎంపీ3గానో, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలుగానో దించుకుని మీ దగ్గరే ఉంచుకోవచ్చు. డిజిటల్ అమ్మకాల్లో కంపెనీ 15 శాతం తీసుకుంటుంది, వస్తువుల మీద 10 శాతం. చెల్లింపుల ఖర్చు పోగా మిగిలిందంతా గాయకుడిది. స్ట్రీమింగ్‌లో మీరు ఏళ్ల తరబడి వింటే చేరే మొత్తం ఇక్కడ ఒక్క ఆల్బమ్ కొనడంతో చేరిపోతుంది.

2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో కంపెనీ తన వాటా కూడా వదులుకుంటుంది. ఏయే శుక్రవారాలో ముందే ప్రకటిస్తారు. ఎలాగూ కొనాలనుకుంటే ఆ రోజు దాకా ఆగి కొనడం మంచి పద్ధతి. కొనేటప్పుడు, గాయకుడి ఉత్తరాల జాబితాలో చేరతారా అని అడిగే గడిని ఖాళీగా వదిలేయకండి.

ఈ కంపెనీ 2022లో ఎపిక్ గేమ్స్ చేతికి, 2023లో సాంగ్‌ట్రేడర్ చేతికి మారింది. యజమానులు మారినప్పుడల్లా పద్ధతులు మారతాయేమోనన్న బెంగ గాయకులకు ఉంటుంది. కొన్న ఫైళ్లను దించుకుని ఒక కాపీ వేరేగా దాచుకోండి.

రచయితల విషయంలో

పాట మూడు నాలుగు నిమిషాలు. వ్యాసానికో, ధ్యానానికో తీరిక కావాలి. అందుకే రచయితలకు సోషల్ మీడియా ఇంకా తక్కువ సరిపోతుంది. ఇక్కడ ప్రధానమైన పోటీ రచయిత సొంత సైటు, సబ్‌స్టాక్ మధ్య.

2017లో వచ్చిన సబ్‌స్టాక్‌లో రచనలు ఈమెయిల్‌గా వస్తాయి. డబ్బు కట్టి చదివేవాళ్లుంటే కంపెనీ 10 శాతం తీసుకుంటుంది, కార్డు చెల్లింపుల ఖర్చు వేరే. రచయిత తన చందాదారుల జాబితాను బయటికి తీసుకెళ్లగలగడం దీనిలో నాకు నచ్చే గుణం. నచ్చనిది, ఈమెయిల్ ఆపేసి యాప్‌లో చదవమని చేసే ఒత్తిడి. యాప్‌లోకి వెళ్లారంటే మళ్లీ ఎవరి రచన ముందు చూపించాలో యాప్ తేలుస్తుంది. సెట్టింగుల్లో ఈమెయిల్ రావడాన్ని అలాగే ఉంచుకోండి.

సొంత సైటులో రాసేవాళ్లను అనుసరించడానికి ఆర్‌ఎస్‌ఎస్ ఉంది, అంటే సైటులో వచ్చే కొత్త రచనల్ని మీ యాప్‌లోకి వాటంతటవే చేర్చే ఏర్పాటు. దీన్ని చదివే గూగుల్ రీడర్‌ని 2013లో మూసేశాక జనం దీన్ని మరిచిపోయారు కానీ ఇది చావలేదు. మీరు వినే పాడ్‌కాస్టులు చాలావరకు నడిచేది దీని మీదే. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి యాప్‌లో సైటు చిరునామా ఇస్తే చాలు. కొత్త రచన వచ్చినప్పుడల్లా వరుసలో పడుతుంది, మధ్యలో ఎవరూ వడపోయరు, మీ ఈమెయిల్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. పది పదిహేను మందికి మించి అనుసరించేవాళ్లకు నేను ఖాయంగా చెప్పే దారి ఇదే. ఒకరిద్దరి కోసమైతే ఇంత హంగామా అక్కర్లేదు.

పుస్తకం విడుదల ఒక్కటి తెలిస్తే చాలనుకునేవాళ్లు గుడ్‌రీడ్స్‌లోనో, అమెజాన్ రచయిత పేజీలోనో ఫాలో నొక్కి ఊరుకోవచ్చు. కొత్త పుస్తకం వచ్చినప్పుడు కబురు వస్తుంది. సొంతంగా అచ్చు వేసుకునే రచయితకు మీ వంతు సాయం చేయాలంటే రెండు పనులున్నాయి. ముందస్తు ఆర్డరు ఇస్తే ఎన్ని ప్రతులు వేయాలో ఆయనకు అంచనా దొరుకుతుంది, మిగిలిపోయే ప్రతుల భారం తప్పుతుంది. చదివాక నాలుగు వాక్యాల సమీక్ష నిజాయితీగా రాయండి. పొగడ్త ఉండాలని లేదు. ఏ అధ్యాయం ఎందుకు పట్టుకుందో చెబితే కొత్త పాఠకుడికి అది ఎక్కువ పనికొస్తుంది.

కొత్తవాళ్లను వెతకాలంటే

పైన చెప్పినవన్నీ తెలిసినవాళ్లను అనుసరించే దారులు. తెలియనివాళ్లను కనుక్కోవాలంటే రుచి తెలిసి ఎంచి చూపేవాళ్లు కావాలి. ఇంగ్లీషు చదవగలిగితే 1996 నుంచి నడుస్తున్న జీసస్ ఫ్రీక్ హైడౌట్ ఉంది. క్రైస్తవ సంగీత సమీక్షలు, విడుదల తేదీలు ఒక్కచోట దొరుకుతాయి. సంగీతం, కథలు, కవిత్వం కలగలిసిన లోకం కావాలంటే గాయకుడూ రచయితా అయిన ఆండ్రూ పీటర్సన్ 2007లో మొదలుపెట్టిన ర్యాబిట్ రూమ్ ఉంది. పాటలు రాసేవాళ్లు, నవలలు రాసేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు ఒకరి పనిని ఒకరు చదివి వినిపించుకునే చోటు అది. ఒక్కరిని ఇష్టపడి వెళ్తే ఇంకో నలుగురు పరిచయమవుతారు.

అన్నిటికన్నా మంచి దారి మాత్రం మీరు ఇప్పటికే ప్రేమించే గాయకుడి ఉత్తరమే. అందులో ఆయన ఎవరి పాట వింటున్నానని రాస్తాడో ఆ పేరు పట్టుకుని వెళ్లండి.

డబ్బుతో అండగా నిలవాలంటే

నెలనెలా కొంత ఇవ్వడానికి పేట్రియాన్ బాగా తెలిసిన పేరు. 2013లో దీన్ని స్థాపించినవాళ్లలో ఒకరైన జాక్ కాంటే స్వయంగా సంగీతకారుడు. 2025 ఆగస్టు తర్వాత కొత్తగా పేజీ తెరిచినవాళ్ల నుంచి 10 శాతం వాటా తీసుకుంటున్నారు, చెల్లింపుల ఖర్చు అదనం. ఒక జాగ్రత్త: ఐఫోన్ యాప్ లోపలినుంచి చేరితే ఆపిల్ 30 శాతం దాకా కమిషన్ తీసుకునే పద్ధతి 2024 నవంబర్‌లో వచ్చింది. ఆ భారం మీ మీదో కళాకారుడి మీదో పడుతుంది. బ్రౌజర్‌లో పేట్రియాన్ సైటు తెరిచి చేరితే ఆ కోత ఉండదు.

ఒక ఆల్బమ్‌కో పుస్తకానికో ఒక్కసారి సాయం చేయాలంటే కిక్‌స్టార్టర్ లాంటివి ఉన్నాయి. అనుకున్న మొత్తం పూర్తిగా వస్తేనే మీ డబ్బు తీసుకుంటారు, లేకపోతే లేదు. వచ్చినదాంట్లో కంపెనీ వాటా 5 శాతం, చెల్లింపుల ఖర్చు వేరే. ఈ పద్ధతి నాకు సురక్షితంగా అనిపిస్తుంది. ఇలాంటి పని చేసే ప్లెడ్జ్‌మ్యూజిక్ 2019లో కుప్పకూలినప్పుడు అభిమానులు కట్టిన డబ్బు చాలామంది గాయకులకు చేరలేదు. అందుకే మధ్యవర్తి చేతిలో డబ్బు ఎంతకాలం ఉంటుందన్నది చూసుకోవాలి.

నెలవారీయా, ఒక్కసారా? రచయితలకు, క్రమం తప్పకుండా చిన్నచిన్న పనులు విడుదల చేసే గాయకులకు నెలవారీ మేలు. ఎంత వస్తుందో ముందే తెలిస్తే మనిషి నిబ్బరంగా రాసుకోగలడు. రెండు మూడేళ్లకో ఆల్బమ్ తెచ్చేవాళ్లకు ఒక్కసారి ఇచ్చేదే సరైనది. నెలనెలా డబ్బు తీసుకుంటూ చూపించడానికేమీ లేకపోతే వాళ్లకే అపరాధభావం పట్టుకుంటుంది.

సంఘానికి ఇచ్చే కానుకలోంచి తీసి కళాకారులకు ఇవ్వొచ్చా అని అడుగుతుంటారు. ఇవ్వకూడదనే నా అభిప్రాయం. పాట కొనడం కానుక కాదు, పనికి వెల కట్టడం. పనివాడు జీతానికి పాత్రుడని పౌలు తిమోతికి రాసిన మాట పాట రాసేవాడికీ వర్తిస్తుంది. ఎక్కువ ఇవ్వలేకపోతే తక్కువ ఇవ్వండి. అదీ కుదరకపోతే ఉచిత జాబితాలో ఉండి ఉత్తరాలు చదవండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఆరాధన నడిపేవాళ్లు ఏం చూసుకోవాలి

స్వతంత్ర గాయకుల పాటల్ని సంఘంలో పాడించేవాళ్లకు ఇష్టంతో పాటు అనుమతి కూడా కావాలి. చర్చిలకు పాటల కాపీరైటు అనుమతులిచ్చే సీసీఎల్‌ఐ అనే సంస్థ 1988లో మొదలైంది, దాని లైసెన్సు చాలా చర్చిల్లో ఉంటుంది. దానితో పాటల సాహిత్యాన్ని తెర మీద చూపొచ్చు, ప్రతులు తీయొచ్చు. ఆరాధనను లైవ్‌లో ప్రసారం చేయాలంటే అందుకు వేరే లైసెన్సు తీసుకోవాలి. సొంతంగా పాటలు విడుదల చేసేవాళ్లు తమ పాటల్ని అక్కడ నమోదు చేయకపోయి ఉండొచ్చు. అప్పుడు నేరుగా అడగడమే మార్గం. మామూలుగా సంతోషంగా ఒప్పుకుంటారు, గిటార్ కార్డ్స్‌తో సహా పంపిస్తారు. అందుకే ఆరాధన బృందాల్లో ఉన్నవాళ్లు స్ట్రీమింగ్ ఫాలోతో ఆగకుండా తప్పనిసరిగా ఈమెయిల్ జాబితాలో చేరాలి. సంఘానికి సరిపోయే కొత్త పాట వచ్చినా, పల్లవిలో ఒక మాట మార్చినా వాళ్లు చెప్పేది అందులోనే.

ఇంతకీ ఎన్ని ఎంచుకోవాలి?

ఒక్కో కళాకారుడికి ఒక్క కబురు దారి, ఒక్క డబ్బు దారి చాలు. ఈమెయిల్ చూసేవాళ్లు ఈమెయిల్ తీసుకుని, పాటలు బ్యాండ్‌క్యాంప్‌లో కొనుక్కోండి. ఫోన్‌లో వాట్సాప్ తప్ప ఏదీ తెరవనివాళ్లు ఛానెల్ తీసుకుని, స్పాటిఫైలో ఫాలో పెట్టుకోండి. ఎక్కువమంది రచయితల్ని చదివేవాళ్లు ఆర్‌ఎస్‌ఎస్ పెట్టుకుని, మనసుకి దగ్గరైన ఒక్కరికి నెలవారీగా ఇవ్వండి. ఒకే కబురు ఐదు చోట్ల వస్తుంటే కొన్నాళ్లకు ఐదింటినీ చూడకుండా తోసేస్తాం.

ఉత్తరాన్ని ఇంకొకరికి పంపడం గురించి ఒక మాట చెప్పాలి. కొలొస్సయి సంఘానికి రాసిన పత్రికను చదివాక లవొదికయ వాళ్లకూ చదివించమని పౌలు చెప్పాడు. మంచి ఉత్తరం చేతులు మారాలి. అయితే కళాకారులు చిన్న జాబితాకి రాసేటప్పుడు మనసు విప్పి రాస్తారు. బిడ్డ జబ్బు గురించి, అప్పుల గురించి, పాట రాయలేకపోతున్న నెలల గురించి ప్రార్థన అడుగుతారు. ఆ పేరాను స్క్రీన్‌షాట్ తీసి సంఘం గ్రూపులో పెట్టకండి, ప్రార్థన కోసమే అయినా సరే. పాట లింకు పంపండి, వ్యాసం పంపండి. ప్రార్థన మనవి మీ దగ్గరే ఉండనివ్వండి.

దొంగ ఖాతాల బెడద కూడా పెరిగింది. గాయకుడి ఫొటో, పేరు పెట్టుకుని, మీరు పెట్టిన కామెంటు కింద జవాబిచ్చి, తర్వాత విడిగా మెసేజ్‌లోకి వస్తారు. దేవుడు మిమ్మల్ని గుర్తుచేశాడంటారు, అనాథాశ్రమానికో ఆపరేషన్‌కో అర్జంటుగా డబ్బు కావాలంటారు. విశ్వాసం ఉన్న మనిషి మెత్తదనం మీదే ఆ దెబ్బ కొడతారు. నిజమైన కళాకారుడు ఇలా విడిగా మెసేజ్ పెట్టి డబ్బు అడగడు. సాయం చేయాలనిపిస్తే ఆ మెసేజ్‌లో ఉన్న లింకు వాడకండి, ఆయన సొంత సైటుకి మీరే వెళ్లి అక్కడున్న దారిలో ఇవ్వండి. అనుమానం తీరకపోతే, అంతకుముందు ఆయన నుంచి మీకు వచ్చిన ఉత్తరం ఒకటి తెరిచి, దానికే రిప్లై కొట్టి, ఇది మీరు పంపిందేనా అని అడగండి.